బయటి ఈగలు

సోమవారం పొద్దున పుణ్యవతి అలవాటుగా అన్న ఒక్క మాట మల్లమ్మ ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

పెద్ద మాటేం కాదది. మైక్రోస్కోపు కింద తెల్లటి పలక మీద మత్తుగా పడి ఉన్న పండు ఈగల్ని సన్నని కుంచెతో ఒక్కొక్కటే పక్కకు నెడుతూ, "మళ్లీ వచ్చినయి, బయటి ఈగలు" అంది. వాటిని ఏరి స్పిరిట్ సీసాలో పడేసింది. ఏడాదిగా చేస్తున్న పనే. కానీ ఆ పూట ఆమె వెనక గుమ్మంలో రంగనాథ్ నిలబడి ఉన్నాడు.

రంగనాథ్ ఆ కంపెనీ యజమాని, అందులో పెద్ద సైంటిస్టు కూడా ఆయనే. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనంలో నాలుగో అంతస్తు మొత్తం వాళ్లది. హాలు నిండా కంప్యూటర్లు, వాటి ముందు కుర్రకారు. మూలన, ఒకప్పుడు టీ కాచుకునే గదిలో, ఈగలు. ఆ ఈగల గది పుణ్యవతిది. ఈగలకు తిండి వండేది, సీసాలు కడిగేది, వాటి మూతికి దూది బిరడాలు పెట్టేది మల్లమ్మ.

"బయటి ఈగలా?" అన్నాడు రంగనాథ్. "గురువారం జీడిమెట్ల మందుల కంపెనీ వాళ్లు వస్తున్నారమ్మా. ఈ సీసాలు చూడ్డానికే వస్తున్నారు. ఏ లైనులో కనబడ్డాయి?"

"కోత లైన్లో సార్."

ఆ కోత లైను సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఈ గొడవంతా దేనికో తెలియదు. ప్రతి కణంలోనూ వేల జన్యువులుంటాయి. అన్నీ అన్ని వేళలా పనిచేయవు. కొన్ని ప్రొటీన్లు వచ్చి జన్యువు పక్కన డీఎన్‌ఏ మీద ఒక చోట కూర్చుంటాయి. అవి కూర్చున్నాక జన్యువు పని మొదలుపెట్టడమో, ఆపేయడమో జరుగుతుంది. ప్రొటీను ఎక్కడెక్కడ కూర్చుందో చూసి, అది ఏ జన్యువును ఆడిస్తోందో చెప్పే సాఫ్ట్‌వేరు ఈ కంపెనీ సరుకు. జీడిమెట్ల వాళ్లు కొనాలనుకుంటున్నది దాన్నే. "కూర్చుందంటే ఆడిస్తున్నట్టే" అనేది రంగనాథ్ మాట. గోడ మీద పెద్దక్షరాల్లో ఇంగ్లిషులో రాయించి పెట్టాడు కూడా. దానికి రుజువు కావాలి కదా. అందుకని, ఈగ పుట్టడానికి తప్పనిసరైన ఒక జన్యువును తీసుకుని, దాని పక్కన ప్రొటీను కూర్చునే చోటును కత్తిరించేసిన ఈగల్ని తయారుచేయించాడు. ఆ ఈగల వంశమే కోత లైను. కూర్చునే చోటు లేకపోతే జన్యువు పనిచేయదు, జన్యువు పనిచేయకపోతే ఈగ పుట్టదు. ఇదీ ఆయన లెక్క.

మరి పుట్టని ఈగల వంశాన్ని నిలబెట్టడం ఎలా? దానికి ఈగలతో పనిచేసేవాళ్ల దగ్గర పాత ఉపాయం ఉంది. ప్రతి జన్యువుకూ ఈగలో రెండు ప్రతులుంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఒక ప్రతిలో కోత పెట్టి, రెండో ప్రతికి రెక్కలు వంకర తిరిగే గుర్తు తగిలిస్తారు. రెండు ప్రతుల్లోనూ కోత ఉన్న ఈగకు ఆ గుర్తు ఉండదు కాబట్టి దాని రెక్కలు తిన్నగా ఉండాలి. కానీ అది బతకదాయె! అందుకని ఆ లైను సీసాల్లో ఎప్పుడు చూసినా వంకర రెక్కలే కనబడాలి. తిన్నని రెక్కలు కనబడ్డాయంటే అది బయటి నుంచి దూరిన ఈగే. నిరుడు మామిడిపళ్ల రోజుల్లో నిజంగానే దూరాయి. అప్పట్నుంచీ ఆ గదిలో అదే ఆచారమైపోయింది. రెక్క తిన్నగా ఉంటే ఆలోచించకు, స్పిరిట్‌లో పడెయ్.

రంగనాథ్ చరచరా హాల్లోకి నడిచాడు. మల్లమ్మ కడిగిన సీసాల ట్రే మోసుకుంటూ ఎదురొచ్చింది.

"మల్లమ్మా, నీ డబ్బా తీసుకురా."

"ఏ డబ్బ సార్?"

"అన్నం తెచ్చుకునే డబ్బా."

ఆవిడ ట్రే ఒక బల్ల అంచున దించి, కొంగుకు చేతులు తుడుచుకుని, స్టోర్ రూములోంచి స్టీలు డబ్బా తెచ్చింది. హాలు నడిమధ్య నిలబెట్టి మూత తీయించాడు. అన్నం, పచ్చిపులుసు గిన్నె, ఒక పక్కన రెండు మామిడిపండు ముక్కలు.

"చూశారా?" అన్నాడు రంగనాథ్, డబ్బాకేసి చెయ్యి చూపించి, అందరికీ వినబడేలా. "మనం ఇక్కడ సైన్స్ చేస్తుంటే ఈవిడ ఈగలకు విందు తెచ్చి పెడుతోంది. బిరడా సరిగ్గా పెట్టడం చేతకాదు. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు."

"నేను బిరడలు మంచిగనే పెడ్తున్న సార్. ఈ డబ్బ స్టోర్ రూంలనే ఉంటది. ఈగల రూంలకు ఎన్నడు తీస్కపోలే."

"మరి అవేమన్నా లిఫ్టెక్కి వచ్చాయా?"

ఎవరో నవ్వారు. ఒకరు నవ్వాక ఇంకో ఇద్దరికి ధైర్యం వచ్చింది. మొన్న శుక్రవారం ఆ హాల్లోనే కంపెనీ వాళ్లు మామిడిపళ్ల పార్టీ పెట్టారు. ప్రతి బల్ల మీదా ప్లేటెడు బంగినపల్లి ముక్కలు. తొక్కలు ఆ పొద్దుటి దాకా చెత్తబుట్టల్లోనే ఉన్నాయి. ఆ సంగతి నవ్వినవాళ్లకూ తెలుసు, నవ్వనివాళ్లకూ తెలుసు. ఒక్కరంటే ఒక్కరు నోరు మెదపలేదు. పుణ్యవతి కూడా కుంచె చేత్తో పట్టుకుని గుమ్మంలో దిమ్మలా నిలబడింది.

"నిన్ను పంపిన ఏజెన్సీ వాళ్లతో మాట్లాడతాను. ఈ నెలాఖరు దాకా చేసి వెళ్లిపో" అనేసి రంగనాథ్ తన అద్దాల గదిలోకి వెళ్లిపోయాడు.

మల్లమ్మ డబ్బా మూత పెట్టింది. అది సరిగ్గా పడలేదు. మళ్లీ తీసి, అరచేత్తో గట్టిగా నొక్కి, డబ్బాను చంకన పెట్టుకుని ట్రే ఎత్తుకుంది. పుణ్యవతి పక్కనుంచే వెళ్లింది కానీ ఆమె మొహం చూడలేదు.

*

మంగళవారం లింగంపల్లిలో రైలెక్కిన దగ్గర్నుంచి హైటెక్ సిటీ స్టేషన్లో దిగేదాకా పుణ్యవతి తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఆఫీసుకు రాగానే బ్యాగు కూడా దించకుండా వంట మూలకు వెళ్లింది.

మల్లమ్మ ఈగల తిండి వండుతోంది. పెద్ద గిన్నెలో మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, చల్లారాక గడ్డకట్టడానికి అగరు పొడి. ఉండ కట్టకుండా తెడ్డు ఆపకుండా తిప్పుతూ ఉండాలి. అంబలి కాచినప్పటి వాసన వస్తోంది.

"అక్కా."

ఆవిడ తిరగలేదు.

"నేను నీ పేరు తియ్యలే అక్కా. అలవాటుగ అన్న. సార్ ఎనకనే ఉన్నడని నాకు తెల్వదు."

"పేరు తియ్యలే మేడం. బయటి ఈగలన్నవు. బయటి నుంచి రానియ్యకుండ చూసేది నేనే గద. ఇగ పేరెందుకు?" తెడ్డు గిన్నె అంచుకు కొట్టి, స్టవ్ మంట తగ్గించింది. "నాకేం కోపం లేదు. జర పక్కకు జరుగు, కాలుతది."

కోపం లేదన్న ఆ మాటే పుణ్యవతికి ఎక్కువ కాలింది. ఈగల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బయటి ఈగలు ఎలా దూరుతున్నాయో, ఏ బిరడా వదులైందో తనే కనిపెట్టి తీరాలనుకుంది. కోత లైను సీసాలన్నీ ఒక్కొక్కటే దీపానికి పెట్టి చూసింది. దూది బిగువుగానే ఉంది, వేలు పెట్టి తోస్తే తప్ప కదలదు. లోపల వంకర రెక్కల మధ్య తిన్నని రెక్కలు. ఒక సీసాలో కాదు, ఆ లైనువి అన్నింట్లోనూ.

అప్పుడు పక్క సీసాలు తీసింది. అదే అరలో, అదే వరసలో, అదే దూదితో, అదే చేతులు మూసిన వేరే లైన్లవి. వాటిలోనూ వంకర రెక్కలవే ఉండాలి. అవే ఉన్నాయి. తిన్నని రెక్క మచ్చుకైనా లేదు. పై అర చూసింది, కింది అర చూసింది. ఎక్కడా లేదు.

పుణ్యవతి స్టూలు మీద కూలబడింది. బయటి ఈగ ఎగురుకుంటూ వచ్చి, సీసాల మీద అంటించిన చీటీలు చదువుకుని, పక్కవన్నీ వదిలేసి, కోత లైనులోకే దూరుతుందా? అంత చదువుకున్న ఈగ మాదాపూర్‌లో మాత్రం ఎక్కడుంది! బల్ల మీద స్పిరిట్ సీసా ఉంది. అడుగున మసిలా పేరుకుపోయిన చచ్చిన ఈగలు. ఏడాదిగా తన చేత్తో ఏరి ఏరి పోసినవి. వాటిలో బయటివెన్నో, ఇంటివెన్నో ఇప్పుడు ఏ దేవుడు చెప్పాలి?

ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. లేచింది. ఖాళీ సీసా ఒకటి పట్టుకుని కింద క్యాంటీనుకు వెళ్లింది. జ్యూసు కౌంటరు పక్కన తొక్కల బుట్ట మీద ఈగలు ముసురుతున్నాయి. సీసా బోర్లించి నాలుగు పట్టింది. జ్యూసు కోసం వరసలో నిలబడ్డ మెడలో కార్డుల వాళ్లు ఆమెను ఎగాదిగా చూశారు.

"ఏం మేడం, ఈగలు గూడ పార్సలా?" అన్నాడు జ్యూసు పిండేవాడు.

"అవును, తెల్సినోళ్లకే ఇస్తున్న" అని లిఫ్టెక్కింది.

ఆ పై పని చెయ్యి తిరిగిందే. క్యాంటీను ఈగ ఒకటి, కోత లైనులో వంకర రెక్కలది ఒకటి, తిన్నని రెక్కలవి కొన్ని, విడివిడిగా చిన్న గొట్టాల్లో వేసి నలిపింది. కోత ఉన్న భాగాన్ని యంత్రంలో పెట్టి లెక్కలేనన్ని ప్రతులుగా పెంచింది. జున్నులాంటి జెల్ పలక పోసి, దాని గుంటల్లో చుక్క చుక్కగా దించి, కరెంటు పెట్టి కూర్చుంది. పొట్టి ముక్క జెల్లో త్వరగా జారి కిందికి వస్తుంది. పొడుగు ముక్క పైనే ఆగుతుంది. కోత ఉన్నది పొట్టి, లేనిది పొడుగు. ఇందులో వాదనకు తావు లేదు.

మధ్యాహ్నం అన్నాల వేళకు నీలం దీపం కింద గీతలు తేలాయి. క్యాంటీను ఈగకు పైన ఒకే గీత. వంకర రెక్కల దానికి పైనొకటి, కిందొకటి. తిన్నని రెక్కలవాటికి, ఒక్కటి కూడా తప్పకుండా, కింది గీత మాత్రమే.

"ఏంటండీ ఇది?" అన్నాడు భుజం వెనకనుంచి రవికిరణ్. సాఫ్ట్‌వేరు రాసేది అతనే. కూకట్‌పల్లి నుంచి వస్తాడు, మాట మెత్తన. పుణ్యవతి గీతలు చూపించి చెప్పింది.

"అంటే ఆ చోటు రెండు ప్రతుల్లోనూ లేకుండానే బతికున్నాయా ఈ ఈగలు?"

"బతికుండుడే గాదు, గుడ్లు గూడ పెడుతున్నయి. మనమే పుట్టినయి పుట్టినట్టు స్పిరిట్‌ల ముంచుతున్నం. ముంచి, చూడుండ్రి ఒక్కటి గూడ బతకలే అంటున్నం."

రవికిరణ్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మీకో సంగతి చెప్పనా? నా స్క్రీను మీద ఆ ప్రొటీను ఈగ డీఎన్‌ఏ మొత్తం మీద వేల చోట్ల కూర్చున్నట్టు కనబడుతుంది. గుంపుగా, గట్టిగా కూర్చున్న చోట్ల పక్క జన్యువులు నిజంగానే దాని మాట వింటున్నాయి. ఏదో వాలినట్టు పల్చగా కూర్చున్న చోట్ల మాత్రం పక్క జన్యువుకు చీమ కుట్టినట్టయినా లేదు. మన సాఫ్ట్‌వేరు రెంటికీ ఒకే మార్కు వేస్తుంది. మీరు కోసింది ఈ పల్చటి రకం చోటునే. సార్‌తో అన్నాను. గోడ మీద రాసింది చదువుకోమన్నారు."

"పని చెయ్యనప్పుడు మరి ఆడ ఎందుకు కూర్చున్నట్టు?"

"మన హాల్లో చూడండి. బెంచి మీదున్నవాళ్లు రోజూ కార్డు గీకి వచ్చి కుర్చీల్లో కూర్చోవడం లేదూ? ప్రాజెక్టేమన్నా ఉందా వాళ్లకు?"

రెండు రోజుల్లో మొదటిసారి పుణ్యవతికి నవ్వొచ్చింది. "రేపు సార్‌కు చెప్తా. మీరు గూడ వస్తరా?"

రవికిరణ్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "వచ్చే వారం నా అప్రైజలండీ. నాకు బెంచి మీద కూర్చోవాలని లేదు" అన్నాడు.

*

బుధవారం పొద్దున రంగనాథ్ పుణ్యవతి తెచ్చిన జెల్ గీతల ఫొటోను చాలాసేపు చూశాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు. పుణ్యవతి సగం చెప్పేసరికే ఆయనకు మొత్తం అర్థమైపోయింది.

"ఇంకెవరికి చూపించావు?"

"రవికిరణ్ చూసిండు సార్."

"సరే. చూడమ్మా పుణ్యవతీ, ఒక్క లైను తేడా వచ్చినంత మాత్రాన మన సిద్ధాంతం తప్పయిపోదు. రేపు గడవనీ. తర్వాత తీరిగ్గా చూద్దాం. పొద్దున్నే ఆ తిన్నని రెక్కలవి తీసేసి సీసాలు శుభ్రంగా పెట్టు."

"మరి మల్లమ్మ సార్?"

"మల్లమ్మ సంగతి నీకెందుకు?"

"ఆమె తప్పేం లేదు గద సార్. బయటి ఈగలే రాలేదు."

రంగనాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు. కోప్పడతాడనుకుంది. నవ్వాడు. ఆయన నవ్వు బాగుంటుంది, ఆ నవ్వుతోనే అంతస్తు నిండా జనాన్ని చేర్చాడంటారు. "నీది మంచి మనసమ్మా. సరే, ఆవిణ్ణి తీసెయ్యను. ఒక చిన్న కాగితం రాసిస్తుంది. బిరడాలు వదులుగా పెట్టడం నా పొరపాటు, ఇకమీదట జరగదు, అని. సంతకం పెట్టి పని చేసుకోమను. రేపు వచ్చేవాళ్లు ఆ ఈగల గురించి అడిగితే మనకూ చూపించడానికి ఒకటి ఉంటుంది. ఆవిడకు పని ఉంటుంది, నీకు పరిశోధన పత్రంలో పేరు ఉంటుంది. అందరికీ మంచిదే కదా?"

సిగ్గుచేటు సంగతేమిటంటే, ఆ గదిలోంచి బయటికొస్తున్నప్పుడు పుణ్యవతికి గుండె తేలికైంది. మల్లమ్మ పని నిలబడింది, అంతే చాలనిపించింది. ఆయన టైపు చేయించి ఇచ్చిన కాగితం పట్టుకుని గబగబా వెనక బాల్కనీకి వెళ్లింది. అక్కడ తొట్టి దగ్గర మల్లమ్మ సీసాల్లోంచి పాత తిండి పుల్లతో గీకి తీస్తోంది.

"అక్కా, నీ పని యాడికి పోదు. సార్ ఒప్పుకున్నడు. దీని మీద సంతకం పెడితె సరిపోతది."

"ఏం రాసుంది? చదువు."

పుణ్యవతి చదివింది. చదువుతున్న కొద్దీ గొంతు దానంతటదే సన్నబడింది.

మల్లమ్మ పుల్ల పక్కన పెట్టింది. "ఇంతకు అవి బయటియా, మనయా?"

"మనయే అక్కా. నిన్న పరీక్ష చేసి చూసిన."

"సార్‌కు ఎర్కేనా?"

"ఎర్కే. ఇప్పుడే చెప్పిన."

"నీకెర్కే, సార్‌కెర్కే. మరి ఈ కాయితం నా దగ్గరికెందుకు తెచ్చినవు బిడ్డా?"

"పని ఉంటది గద అని" అంది పుణ్యవతి.

"పని గీడ గాకుంటె ఎదురుంగ బిల్డింగుల. గీ హైటెక్ సిటీల సీసలు కడిగెటోళ్లకు, బాత్రూములు కడిగెటోళ్లకు కరువా? నాకు పని ఫికర్ లేదు." తడి చేత్తోనే కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి, పుణ్యవతి చేతిలో తిరిగి పెట్టింది. "అందరి ముంగట నా అన్నం డబ్బ తెరిపిచ్చిండు. నా పెండ్లయిన కాడికెల్లి నా మొగడు సుత నన్ను గట్ల నిలవెట్టి అడగలే. ఇప్పుడు గా మాట నిజమే అని నేనే రాసియ్యాల్నా? చెయ్యని తప్పుకు నేను సంతకం పెట్ట. చేసినోళ్లు పెట్టుకోండ్రి."

చేసినోళ్లు అన్నప్పుడు ఆవిడ పుణ్యవతి కళ్లలోకే చూసింది. తర్వాత పుల్ల తీసుకుని మళ్లీ సీసా గీకడంలో పడింది. పుణ్యవతి ఆ కాగితాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేసి, గీకిన తిండి ఉన్న చెత్త సంచిలో పడేసింది. ఇంత సేపూ మల్లమ్మకు ఏదో మేలు చేస్తున్నాననుకున్నందుకు తన మీద తనకే మంట పుట్టింది. ఆ మంట సాయంత్రం రైల్లో కూడా ఆరలేదు.

*

గురువారం ఆమె సీసాలు శుభ్రం చేయలేదు. తిన్నని రెక్కలవి ఒక్కటి కూడా తీయలేదు. అన్నిటికన్నా ఎక్కువ ఈగలున్న సీసాను మైక్రోస్కోపు పక్కనే పెట్టి ఉంచింది.

జీడిమెట్ల నుంచి వచ్చిన ముగ్గురిలో పెద్దావిడ పేరు కృష్ణప్రియ. నేత చీర, తాడుకు వేలాడే కళ్లజోడు. మిగతా ఇద్దరూ హాల్లో తెర మీది రంగుల బొమ్మల దగ్గరే ఆగిపోయారు కానీ ఆవిడ తిన్నగా ఈగల గదిలోకి వచ్చింది. రంగనాథ్ వెనకాలే వచ్చాడు.

"చదువుకునే రోజుల్లో నేనూ ఈగలతో పనిచేశానండీ" అంటూ స్టూలు మీద కూర్చుంది. పుణ్యవతి సీసాలోని ఈగలకు మత్తు గ్యాసు పట్టి, పలక మీద దులిపింది. కృష్ణప్రియ కన్ను ఆనించి, కుంచె అడిగి తీసుకుంది. కాసేపు అటూ ఇటూ కదిపింది.

"కోత లైను అన్నారు కదా. మరి ఈ తిన్నని రెక్కలవేంటండీ? చాలా ఉన్నాయే!"

రంగనాథ్ పుణ్యవతికేసి చురుక్కుమని చూసి, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "మామిడిపళ్ల రోజులు కదండీ. బయటి ఈగలు. మా హౌస్‌కీపింగ్ ఆవిడకు కొంచెం అజాగ్రత్త. మారుస్తున్నాం ఆవిణ్ణి."

"కావు సార్" అంది పుణ్యవతి.

బల్ల సొరుగు లాగింది.

"అవి బయటివి కావు మేడం. మా ఈగలే. రెండు ప్రతుల్లోనూ కోత ఉంది." ఫొటో తీసి కృష్ణప్రియ ముందు పెట్టింది. "ఇది కింద క్యాంటీన్ల పట్టిన బయటి ఈగ. ఇవి మావి. కూర్చునే చోటు తీసేసినా పుడుతున్నయి, ఎగురుతున్నయి, పిల్లల్ని పెడుతున్నయి. ప్రొటీను ఆడ కూర్చునే మాట నిజమే. కూర్చుంటది, అంతే. ఆ జన్యువును అది అక్కడినుంచి ఆడిస్తలేదు. ఏడాదిగా నేనే వీటిని బయటివని చంపిన. ఆ తప్పు నాది. సీసాలు మూసే ఆమెది కాదు."

"పుణ్యవతీ, నువ్వు బయటికి వెళ్లు" అన్నాడు రంగనాథ్. నవ్వు పోయింది.

"పోతా సార్. పొమ్మంటే కంపెనీ నుంచే పోతా. ఈ మేడం అడిగినదానికి జవాబు చెప్పినంక పోతా."

కృష్ణప్రియ ఫొటో వెలుతురుకు పట్టుకుని చూస్తోంది. ఆవిడకు కోపం రాలేదు, ఆశ్చర్యమూ రాలేదు. "మేం చదువుకునే రోజుల్లో కూడా ఇదే తగువండీ" అంది తాపీగా. "ప్రొటీను వేల చోట్ల కూర్చుంటుంది. అందులో పనికొచ్చే కూర్చోవడం ఏది, ఊరికే కూర్చోవడం ఏది? మాకు కావలసింది అది. కూర్చుందని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మీ సాఫ్ట్‌వేరు ఆ రెంటినీ వేరు చేస్తుందా?"

రంగనాథ్ నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర్నుంచి మాట వినబడింది. "చేయగలదండీ." రవికిరణ్. మొహం పాలిపోయి ఉంది కానీ మాట స్పష్టంగానే వచ్చింది. "ఎంత గట్టిగా, ఎంత గుంపుగా కూర్చుందో చూసి విడదీయొచ్చు. విడదీసి పెట్టాను. వాడొద్దన్నారని పక్కన ఉంచాను."

రంగనాథ్ ఒక్క క్షణం నేలకేసి చూశాడు. తల ఎత్తేసరికి ఆ పాత నవ్వు మళ్లీ మొహం మీదికి వచ్చేసింది. "అదేనండీ నేను చెప్పబోతున్నది! మీకు చివర్లో చూపిద్దామనుకున్నాను. ఈ లైనే మా అసలు ఆవిష్కరణ. కూర్చున్నదల్లా ఆడించదని ఈగలతో రుజువు చేసింది మేమేనండీ."

పుణ్యవతికి ఒళ్లు మండిపోయింది. ఎంత మనిషి! నిన్న స్పిరిట్‌లో ముంచమన్న ఈగల్ని ఇవాళ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయితే ఈ ఈగలు బయటివి కావు. మీరూ ఒప్పుకుంటున్నారు" అంది కృష్ణప్రియ.

"ముమ్మాటికీ కావండీ. మా గదిలోకి బయటి ఈగ ఒక్కటి కూడా రాదు. అంత జాగ్రత్తగా మూస్తాం సీసాల్ని."

ఆ మాట చెవిన పడగానే పుణ్యవతి మంట చల్లారింది. ఆవిష్కరణ ఆయన పేరు మీద రాసుకోనీ, పత్రికల్లో వేయించుకోనీ. ఆమెకు కావలసిన వాక్యం ఆయన నోటితోనే వచ్చేసింది.

"సార్, ఆ మాట మల్లమ్మతో అనుండ్రి" అంది.

"చెబుతాలే. తర్వాత."

"ఇప్పుడే సార్. మేడం ఉండంగనే."

"మల్లమ్మ ఎవరు?" అంది కృష్ణప్రియ.

"ఇందాక మీరు విన్న అజాగ్రత్త ఆమె. ఈ సీసాలన్నీ మూసేది ఆమెనే."

కృష్ణప్రియ కళ్లజోడు ముక్కు మీదికి ఎత్తుకుని రంగనాథ్ వైపు తిరిగింది. "పిలవండి" అంది.

రవికిరణ్ వెళ్లి తీసుకొచ్చాడు. మల్లమ్మ మొక్కజొన్న పిండి అంటిన చేతుల్ని ఒంటికి తగలకుండా పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మల్లమ్మా" అన్నాడు రంగనాథ్, పక్కింటావిడను పలకరించినంత చనువుగా, "ఆ ఈగలు బయటివి కావట. నీ తప్పేం లేదు. వెళ్లి పని చేసుకో."

మల్లమ్మ కదల్లేదు. గదిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూసింది.

"సార్, నా డబ్బ తెరిపిచ్చింది ఏడ?"

"అదిప్పుడెందుకు..."

"హాల్ల గద సార్. అందరి ముంగట. ఈ రూంల నలుగురు గూడ సక్కగ పట్టలే. గీడ చెప్తె వాళ్లకెట్ల తెలుస్తది?"

రంగనాథ్ కృష్ణప్రియకేసి చూశాడు. ఆవిడ కుంచె బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, తీరిగ్గా ఎదురుచూస్తోంది. మల్లమ్మ గుమ్మానికి అడ్డం తొలగి దారి ఇచ్చింది.

ఆయన హాల్లోకి నడిచి మధ్యలో ఆగాడు. మల్లమ్మ వెంట వచ్చి పక్కనే నిలబడింది. "ఒక్క నిమిషం... అందరూ..." అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు. అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. ఎవరి మీటింగులో వాళ్లున్నారు. ఆయన గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం చూసింది.

"ఇనవడ్తలేదు సార్ వాళ్లకు" అంది మల్లమ్మ. "సోమవారం నాడు మంచిగ ఇనవడ్డది. జర గట్టిగ చెప్పుండ్రి."

ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను బయటికొచ్చింది. తర్వాత దాని పక్కవాడిది. వరస వెంట వరస తలలు తిరిగాయి. కుర్చీలు జరిగిన చప్పుడు సద్దుమణిగేదాకా మల్లమ్మ ఆయనను మొదలుపెట్టనివ్వలేదు.